గృహిణి చేతిలెక్క - ఋణవిమోచనము

ఇంటికి దీపము ఇల్లాలని పెద్దలు చెప్పుదురు. కాని యా దీపమున చమురెంత యున్నదో, ఆ చమురులో నెంత యొరులకు బాకీయో యిల్లాలికి దెలియకుండుట మన సంసారములలో నొక పెద్దలోపము. డబ్బాలోని బియ్యము మఱి యెన్నిదినములకు వచ్చునో మూత తీయకయే చెప్పగల గృహిణిని, ఇంటిమీద మొత్తమెంత యప్పున్నదని యడిగినచో, "ఆయనకు దెలియును" అని యూరకుండును. ఆయన నడిగినచో, "చూచి చెప్పవలెను" అని మాట దాటవేయును. ఇట్లిద్దరికిని సరిగా దెలియని యప్పు రాత్రింబగళ్లు పెరుగుచునే యుండును. దానికి నిద్ర లేదు, పండుగ లేదు, వానకాలము లేదు.

ఈ విషయమున మేము చదువరులకు నెల్లూరు జిల్లా పడమటిభాగమునందలి ఉదయగిరి, ఆత్మకూరు సీమల కథను జెప్పదలచితిమి. ఏలయన, చేతిలో పలక పట్టిన కొలది దినములకే తమ యింటి లెక్కను తామే వేసికొని, ఆ లెక్కతో నొక ప్రభుత్వమును గదలించిన స్త్రీలు ఆ సీమవారు. వారు చేసిన పనియు, దాని తరువాత వచ్చిన చిక్కులును, అప్పులతో బాధపడు ప్రతి సంసారమునకును పాఠములే.

మెట్టసీమ యాదాయము

నెల్లూరనగానే పెన్నకాలువల క్రింది వరిమళ్లును, మొలగొలుకుల బియ్యమును మనకు జ్ఞప్తికి వచ్చును. కాని వెలికొండలవైపున నున్న భూములు మెట్టలు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొనిన ఉదయగిరి దుర్గము క్రింద నున్న పల్లెలును, వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, మఱ్ఱిపాడు ప్రాంతములును వానను నమ్ముకొని బ్రదుకునట్టివి. పెన్నపై సోమశిల జలాశయము వెలసిన పిదపను ఆకాశమువైపు జూచు పల్లెలు పెక్కు గలవు.

ఇచటి యాదాయము వచ్చు తీరును గమనింపుడు. పొగాకు వేసిన రైతునకు కలిగిరిలోనో, డి.సి.పల్లిలోనో వేలము జరిగిన పిమ్మట గాని డబ్బు కంటబడదు. కంది, సజ్జ వేసిన వారికి పంట యింటికి వచ్చిన నాడే యాదాయము. పాడి గలవారికి పాలడబ్బు వాయిదాల ప్రకారము వచ్చును. ఉదయగిరిలో కొయ్యగరిటెలు, చెంచాలు చెక్కు స్త్రీలకు పని యున్నన్ని దినములే కూలి. ఇట్లు రాబడి విడతలుగా వచ్చును. ఖర్చు మాత్రము ప్రతిదినము నుండును. ఉప్పు, పప్పు, బిడ్డ పుస్తకములు, అత్తగారి మాత్రలు వేలము తేదీకొఱకు వేచియుండవు గదా! ఈ నడుమనున్న సందులోనే అప్పు ప్రవేశించుచున్నది. కావున మెట్టసీమ సంసారమున అప్పు పుట్టుట కెల్లప్పుడును దుబారాయే కారణమనుట న్యాయము కాదు. అప్పు చేసిన యిల్లాలు సిగ్గుపడి దాచుకొనుటకంటె, ఆ సందు ఏ నెలలో నెంత వెడల్పుగా నున్నదో తెలిసికొనుట మేలు.

వాన కురియుట మన చేతిలో లేదు. చెరువుకట్టకు పడిన గండిని పూడ్చుట మన చేతిలోనిదే. ఉదయగిరి సీమ స్త్రీలు మొదట పూనుకొనినది ఈ గండి పూడ్చు పనికే.

సారా నాటి లెక్క

1990 దశకారంభమున నెల్లూరు జిల్లాలో వయోజనులకు అక్షరములు నేర్పు నుద్యమము విరివిగా సాగెను. పగలెల్ల పొలమున వంగి పనిచేసిన స్త్రీలు రాత్రివేళ దీపము చుట్టును జేరి చదువు నేర్చిరి. అక్షరములతోపాటు మాటలును వచ్చెను. కష్టపడుచున్నను ఇంట నిలువ యేల లేదను ప్రశ్న వచ్చెను. కూలిడబ్బు ఇంటికి జేరకముందే సారా యంగడిలో జమయగుచున్నదను సమాధానమును వచ్చెను. ఈ సమాధానము వారికి క్రొత్తది కాదు. నలుగురు కూర్చుండి పైకి జెప్పుకొని లెక్క వేయుట మాత్రము క్రొత్త.

కలిగిరి మండలమునందలి దూబగుంట స్త్రీలు తమ యూరిలో సారా యమ్మనీయక అడ్డగించి యంగడిని మూయించిరి. ఆ యుద్యమమున ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మగారు దూబగుంట రోశమ్మగా దేశమంతట బేరు పొందిరి. 2016లో ఆమె పరమపదించిరి. దూబగుంట వృత్తాంతమును క్రొత్తగా చదువు నేర్చినవారి వాచకమున పాఠముగా జేర్పగా, ఒక యూరి స్త్రీలు చేసిన పని మఱియొక యూరి స్త్రీలకు దెలిసెను. 1992 నాటికి జిల్లా యంతట సారా వేలములను స్త్రీలే యడ్డగించిరి. 1993 ఏప్రిలు 15 నుండి నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను.

చదువరులు కొందఱు, "నిషేధము సడలిపోయినదిగదా, వారి శ్రమ వృథాయే కదా" యని తలపవచ్చును. మే మట్లు తలపము. శాసనము వచ్చినది, పోయినది. కాని యా స్త్రీల చేతికి వచ్చిన లెక్కపుస్తకము పోలేదు.

దినమున కొక రూపాయి

సారా యంగడికి బోవు డబ్బు ఇంట నిలిచిన పిదప దాని నేమి చేయవలెనను ప్రశ్న పుట్టెను. చేతిలో నున్న డబ్బు నీటివంటిది. పట్టి యుంచునది లేకున్న నెటకో జారిపోవును. అందుచేత 1993లో నెల్లూరు జిల్లాలో "పొదుపులక్ష్మి" యను పేర స్త్రీల పొదుపుసంఘములు వెలసెను. దినమున కొక రూపాయి దాచుటయే వాని నియమము.

ఒక రూపాయి యనగా నెవ్వరికైనను చులకనగా దోచును. కాని ఒకతె దినమున కొక రూపాయి దాచిన నెలకు 30 రూపాయలు, ఏటికి 365 రూపాయలు. పదునైదుగురు చేరిన నెలకు 450 రూపాయలు, ఏటికి 5,475 రూపాయలు. ఆ కాలమున కూలిసంసారమున కది చిన్నసొమ్ము కాదు. ఆ సొమ్ములోనుండి బిడ్డ జ్వరమునకో, విత్తనములకో తమలో నొకతెకు అప్పిచ్చుకొని, వడ్డీని మరల సంఘమునకే జమకట్టుకొనిరి. షావుకారు నింటిముందు నిలువబడవలసిన యవసర మొకటి తప్పెను. వడ్డీ ఊరు దాటి పోకుండ తమ పెట్టెలోనికే తిరిగి వచ్చెను. 1992లో నాబార్డు 500 సంఘములతో ప్రయోగముగా నారంభించిన సంఘ - బ్యాంకు అనుసంధానము క్రమముగా వ్యాపించుటచే, ఇట్టి సంఘములకు బ్యాంకుఋణములును లభింపసాగెను.

ఇందు మనము గ్రహింపవలసిన సంగతి యేమనగా: వారు మిగిలినది దాచలేదు; దాచి, మిగిలినది ఖర్చుపెట్టిరి. మిగిలిన నాడు దాతమనుకొను నింట ఏనాడును మిగులదు.

వడ్డీ మాట

ఇప్పు డప్పుల సంగతికి వత్తము. మన యూళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుదురు. "మూడు రూపాయల వడ్డీ" యన్నచో వినుట కల్పముగా నుండును. అది యేటికి నూటికి 36 రూపాయలు. "రూపాయి వడ్డీ" యనగా నేటికి 12 రూపాయలు. ఈ రెంటికి గల భేదమును ఒక లెక్కతో జూపుదుము.

ఒక యింటివారు 60,000 రూపాయలను మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరనుకొందము. నెలకు వడ్డీ 1,800 రూపాయలు. నెలనెలా వడ్డీ మాత్రము తప్పక కట్టుచు, "మే మెవ్వరికిని బాకీపడలేదు" అని తృప్తిపడుచున్న యెడల, అయిదేండ్లకు 1,08,000 రూపాయలు కట్టియు, అసలు 60,000 రూపాయలు చెక్కుచెదరక నిలిచియుండును.

అదే యింటివారు 1,800కు బదులు నెలకు 3,000 రూపాయలు కట్టి, ఎక్కువ కట్టినది యెప్పటికప్పుడు అసలులో జమ వ్రాయించుకొనిరనుకొందము. మొదటినెల 1,200 రూపాయలు అసలులో తఱుగును. రెండవనెల వడ్డీ 1,764 రూపాయలే యగును. ఇట్లు తఱుగుచు తఱుగుచు 31 నెలలలో అప్పు తీరును. మొత్తము కట్టునది సుమారు 93,000 రూపాయలు.

ఇక నా 60,000 రూపాయలను సంఘము ద్వారా రూపాయి వడ్డీకి దెచ్చి, షావుకారు బాకీ తీర్చివేసి, అదే 3,000 రూపాయలు నెలనెలా కట్టినచో 23 నెలలలో తీరిపోవును. మొత్తము సుమారు 67,300 రూపాయలు. అదే యాదాయము, అదే కష్టము, అదే కంతు. భేదము 25,000 రూపాయలకు పైమాట! ఒక కాలేజీ బిడ్డ ఫీజు దీనిలో దాగియున్నది.

ఐతే ఇట్లు అప్పు మార్చునప్పు డొక నియమము తప్పరాదు. క్రొత్త అప్పు చేతికి వచ్చిన దినముననే పాత అప్పు తీర్చి, ప్రామిసరీ నోటును చేతికి దీసికొనవలెను. సొమ్ము రెండుదినము లింట నిలిచినచో దానికి వేయికన్నులు పడును. పాత అప్పు తీఱక, క్రొత్త అప్పు మీదబడిన సంసారములే యెక్కువ.

ఇంట చేయవలసిన పని

మొదటి పని: ఒక నోటుపుస్తకము కొని, ఒక పుటలో అప్పులన్నిటిని వ్రాయుడు. ఎవరికి, ఎంత అసలు, నూటికెంత వడ్డీ, నెలకెంత కట్టుచున్నాము, నోటు తేదీ యేది, కుదువబెట్టిన నగ యేది - ఇవి యన్నియు నుండవలెను. చెల్లెలియొద్ద చేబదులుగా దెచ్చినదియు, కిరాణాకొట్టు పద్దును మఱువరాదు. ఈ పని భర్తతో గలిసి చేయుట మేలు. నిందవలె గాక, పనివలె నడుగుడు: "ఏమండీ, వేలము డబ్బు వచ్చులోపల మనము కట్టవలసినవి యన్నియు నొకచోట వ్రాసికొందమా? మీరు చెప్పుడు, నేను వ్రాసెదను." ఎవరు చేసిన యప్పు, ఏల చేసితిరి అను మాట లా రాత్రి యెత్తకుండుట మంచిది. మొత్తము చూచినపుడు గుండె గుభేలుమనుట నిజమే. కాని తెలియని యప్పుకంటె తెలిసిన యప్పు చిన్నది.

రెండవ పని: ఒక నెల పాటు జమాఖర్చులు వ్రాయుడు. ఎంత చిన్నదైనను విడువరాదు. నెల ముగిసిన పిదప గండి యెచ్చటనున్నదో పుస్తకమే చెప్పును. ఒక యింట నది త్రాగుడు. ఒక యింట సెల్‌ఫోను వాయిదా. ఒక యింట బంధువుల ఫంక్షనులలో చదివింపులు. ఒక యింట తెలిసియు తెలియకయు నెలనెలా కట్టు చీటీ. గండి త్రాగుడైన యింట పుస్తకమొకటియే చాలదు. దూబగుంట స్త్రీలకు తోడు తోడియే యాయుధమైనది. అట్టి యింటి యిల్లాలు తన సంఘమువారి సాయము గోరుటకు సిగ్గుపడరాదు.

మూడవ పని: డబ్బు చేతికి వచ్చిన నాడే మూడు పాళ్లు చేయుడు. అప్పు కంతు మొదటిది, పొదుపు రెండవది, ఇంటిఖర్చు మూడవది. పొదుపు పాలు చిన్నదైనను ఉండితీరవలెను. అప్పు తీర్చు తొందరలో చేతిలో కాసైనను లేకుండ చేసికొన్నవారు మొదటి జ్వరమునకే మరల షావుకారు గడప ద్రొక్కుదురు. పంట యమ్మిన నాడు వచ్చు సొమ్మును పండ్రెండు నెలలకు భాగించి, కరువునెలల భాగమును బ్యాంకులో నుంచుట మెట్టసీమ సంసారములకు మిక్కిలి యవసరము.

నాల్గవ పని: ఏ అప్పు ముందు తీర్చవలెనో నిర్ణయించుకొనుడు. అన్ని యప్పులకును కట్టవలసిన కంతు కట్టుచు, మిగిలిన ప్రతిరూపాయిని అధికమైన వడ్డీగల యప్పుమీద వేయుట లాభకరము. కాని కిరాణాకొట్టు బాకీ చిన్నదైనచో దానినే ముందుగా తీర్పుడని మా సలహా. దానికి వడ్డీ లేదనుట పొరపాటు. అరువుకు దెచ్చుకొనునామె ధర యడుగలేదు, తూకము చూడలేదు, వేఱు కొట్టునకు బోలేదు. నగదు పెట్టి కొనునామెకు నోరుండును.

అయిదవ పని: కట్టిన ప్రతి పైకమునకు వ్రాతమూలమైన గుర్తుండవలెను. షావుకారునకు కట్టినది ప్రామిసరీ నోటు వెనుక తేదీతో జమ వ్రాయించి సంతకము చేయించుకొనుడు. "మనవాడే గదా" యను మొగమాటము వలన రెండుమారులు చెల్లించినవారు గలరు. ఖాళీ నోటుమీదను, ఖాళీ చెక్కుమీదను సంతకము చేయరాదు, భర్తను చేయనీయరాదు. బ్యాంకులో కుదువబెట్టిన నగ గడువుతేదీని పంచాంగముమీదనే వ్రాసి యుంచుడు.

పొదుపే అప్పైన కథ

ఇంతవరకు సంఘముల మేలునే చెప్పితిమి. కీడునుగూడ చెప్పకున్న మా వ్యాసము సగమే యగును.

పొదుపు కొఱకు గూడిన స్త్రీలు అప్పు సకాలమున కట్టుదురని లోకమునకు దెలియగానే, వారికి అప్పిచ్చుటకు లాభాపేక్షగల సూక్ష్మఋణసంస్థలు ఊరూర వెలసినవి. ఒక సంస్థ కంతు కట్టుటకు మఱియొక సంస్థనుండి, దానికి మూడవదానినుండి తెచ్చి, వారము వారము కంతులతో నలిగిన సంసారము లెన్నియో గలవు. తోటి సభ్యురాలు కట్టలేకున్న మిగిలినవారే యామె యింటిముందు గూర్చుండు దుస్థితి వచ్చెను. ఏ తోడు సారాను వెడలగొట్టెనో ఆ తోడే యొత్తిడికి సాధనమాయెను. ఆత్మహత్యల వార్తలు రాష్ట్రము నలుమూలలనుండి రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మీ సంస్థలపై ఆర్డినెన్సు జారీచేసి, పిదప శాసనము గావించెను. వసూళ్లకు నియమము లేర్పడెను. అసలునకు మించి వడ్డీ రాబట్టరాదని యందు విధింపబడెను.

ఈ యూహ మనకు క్రొత్తది కాదు. నెల్లూరు చెన్నరాజధానిలో నుండిన కాలముననే, 1938లో రాజాజీ మంత్రివర్గము తెచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన శాసనమున, అసలునకు రెండింతలు చెల్లించిన రైతుయొక్క పాతబాకీ తీరినట్లే యని యుండెను. వడ్డీ యసలును మ్రింగరాదను ధర్మమే రెంటికిని మూలము.

ప్రస్తుత మమలులోనున్న రిజర్వు బ్యాంకు నిబంధనలును గృహిణులు తెలిసికొనదగినవి. 2022 ఏప్రిలు 1 నుండి బ్యాంకులును, ఫైనాన్సు కంపెనీలును ఇచ్చు సూక్ష్మఋణముల విషయమున, ఒక కుటుంబము నెలకు కట్టు ఋణపు కంతులన్నియు గలిసి ఆ కుటుంబపు నెలసరి యాదాయమున సగమునకు మించరాదు. గడువునకు ముందే తీర్చినచో జరిమానా వేయరాదు. ఉదయము 9 గంటలకు ముందును, సాయంకాలము 6 గంటల తరువాతను వసూలుకై వేధింపరాదు. ఈ సగము లెక్కను సంస్థవారు వేయుదురని యూరకుండక, క్రొత్త అప్పునకు వ్రేలిముద్ర వేయకముందే మనమే వేసికొనుట మేలు. కంతులు సగమును దాటుచున్నచో అది సహాయము కాదు, ఉచ్చు. సెల్‌ఫోనులో నిమిషమున నిచ్చెదమను అప్పులనుగూర్చి వేఱుగ జెప్పనేల? ఇచ్చువాడెవ్వడో, వడ్డీ యెంతో కాగితముమీద చూపనివానియొద్ద చేయి చాపరాదు.

సంఘఋణములకు సకాలమున కంతు కట్టినవారికి ప్రభుత్వము లిచ్చు వడ్డీరాయితీలు కాలానుసారముగ మారుచుండును. 2004 పిమ్మట పావలావడ్డీ యని వచ్చెను. తరువాత వడ్డీలేని ఋణములని వచ్చెను. ఇప్పు డేది యమలులో నున్నదో మీ సంఘసమావేశముననో, బ్యాంకుననో విచారింపుడు. కాని రాయితీ వచ్చునను ఆశతో అప్పు చేయరాదు; కంతు మానరాదు.

ముగింపు

అప్పు నిప్పువంటిదందురు. వంట యింట నిప్పు లేక గడవదు. దానిని పొయ్యిలో నుంచుట తెలియవలెను. విత్తనమునకు, గేదెకు, బిడ్డ చదువునకు చేసిన అప్పు పొయ్యిలోని నిప్పు. అప్పు తీర్చుటకు చేసిన అప్పు కప్పుమీది నిప్పు.

ఉదయగిరి సీమ స్త్రీలు ధనవంతులు గారు, పండితలు గారు. వారి చేతిలో నున్నది ఒక పలక, ఒక రూపాయి, పదిమంది తోడు. పలకమీద లెక్క వేసి గండి కనుగొనిరి. తోడుతో గండి పూడ్చిరి. రూపాయితో నిలువ చేసిరి. ఈ మూడింటిలో నే యొక్కటి లోపించినను రెండు నిలువవు. తోడుండి లెక్క తప్పిన నాడేమగునో 2010 చూపినది.

ఈ సంచిక చదివి ముగించిన సోదరీమణులు, దీపము పెట్టిన పిదప నొక అరగంట తీరిక చేసికొని, మొదటిపుట వ్రాయ నారంభింతురని మా యాశ. ఆ పుటపై నున్న యంకెలు నేడు మిమ్ము భయపెట్టవచ్చును. నెలకొకమారు వానిని కొట్టివేసి, తఱిగిన యంకెలు వ్రాయుచు పొండు. కట్టకడపటి అప్పు తీరి, నోటు చేతికి వచ్చిన దినమున దానిని మీ చేతులతోనే చింపివేయుడు. ఆ దినమున ఆ కంతుపైకమును మాత్రము ఖర్చులలో గలుపకుడు. అది యింతవరకు షావుకారునకు నడిచిన త్రోవ నెఱిగినది. ఇకమీద నా త్రోవనే మీ బ్యాంకుపుస్తకమునకు నడపుడు.